వైద్యుడి కోసం వెళ్ళిన మనిషి

"నేను రాను," అంది చిన్ని మూడోసారి.

అన్నయ్య ఒక కాలికి బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని హాలు మధ్యలో నిలబడిపోయాడు. పదకొండింటికి రిజిస్ట్రారు ఆఫీసులో ఉండాలి. అప్పటికే తొమ్మిదిన్నర. సాక్షి సంతకం పెట్టాలని అతను ఫ్యాక్టరీకి సెలవు పెట్టాడు. అమ్మ ఏడింటికే తయారై, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూచుంది.

"రానంటే ఏమిటి? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి?"

"నేను ఆయన్ని పెళ్ళి చేసుకోను అన్నయ్యా."

వదిన జడపిన్ను నోట్లోంచి తీసి, "ఏమిటీ?" అంది.

"విన్నావుగా! రెండు నెలలు నా బుర్ర తిన్నది," అన్నాడు అన్నయ్య వదినతో, చెల్లెల్ని చూడకుండా. "పోయిన జన్మట. రేవు పక్కన ఇల్లట. ఆయనే మొగుడట. నేను నవ్వినందుకు వారం రోజులు నాతో మాట్లాడలేదు. సరే, ఏ జన్మయితేనేం, మనిషి మంచివాడు కదా అని నేనే వెళ్ళి ఆయనతో మాట్లాడొచ్చాను. ఇప్పుడు వద్దట!"

"మెల్లగా మాట్లాడండి. గోడకి చెవులుంటాయి," అంది వదిన. "ఈ గోడకి మరీను. అవతల ఆ మానవుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని కూచునుంటాడు."

గోడ అవతలి వాటాలో ఉండేది లిఫ్టులు బాగుచేసే మనిషి. భవనంలో అందరూ ఆయన్ని లిఫ్టు మాస్టారనే అంటారు. నలభై నాలుగేళ్ళవాడు, ఒంటరి. నాలుగు రోజులుగా ఆ భవనంలోని లిఫ్టే పనిచేయడం లేదు. దీపం కిందే చీకటని అందరూ నవ్వుతున్నారు. పెళ్ళి హడావుడిలో ఉన్నాడు పాపం, అని కొందరు సర్దిచెప్పారు కూడా.

ఏడాదిన్నర క్రితం ఆయన ఆ వాటాలో దిగిన రోజున, నీళ్ళు ఎప్పుడొస్తాయో అడగడానికి వీళ్ళ తలుపు తట్టాడు. చిన్ని తలుపు తీసింది. ఆయన నీళ్ళ సంగతి మరిచిపోయి, "మీ కిటికీ నీలం రంగు కదూ?" అన్నాడు. ఆ ఇంటి కిటికీలన్నీ తెల్లవే. కానీ చిన్నికి ఊహ తెలిసినప్పటినుంచీ నిద్రలో కనిపించే ఇంటికి, పడవల రేవు పక్కనుండే ఆ చిన్న ఇంటికి, నీలం కిటికీ ఉండేది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. "దాని ఒక రెక్క సరిగ్గా పడేది కాదు," అంది, తన నోటినుంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియకుండానే.

ముప్ఫై తొమ్మిదేళ్ళ జీవితంలో ఆమె అంతగా మాట్లాడింది ఈ ఏడాదిన్నరలోనే.

"అతనేమైనా అన్నాడా?" అని అడిగింది అమ్మ.

"ఏమీ అనలేదమ్మా. ఆయన తప్పేమీ లేదు."

"నీ తప్పేమైనా ఉందా?"

"బెల్లం కొట్టిన రాయిలా కూచోకు! తప్పెవరిదో, ఒప్పెవరిదో ఒక మాట చెప్పేడువు," అన్నాడు అన్నయ్య. "ఇప్పుడాయనకి నేనేం చెప్పాలి?"

అప్పుడే గంట మోగింది.

ఎవరూ కదల్లేదు. రెండోసారి మోగాక అన్నయ్య ఒంటి బూటుతోనే టకటకా నడిచివెళ్ళి తలుపు తీశాడు. చిన్ని గదిలోకి వెళ్ళి మంచం అంచున కూచుంది. ముందుగది మాటలు స్పష్టంగా వినిపిస్తూనే ఉన్నాయి.

"అదేనండీ... మా చెల్లికి కాస్త తలనొప్పిగా ఉందిట. ఇవాళ్టికి..." అన్నయ్యకి అబద్ధం ఆడటం రాదు. మాట మధ్యలోనే ఆగిపోయాడు.

"ఎక్కువగా ఉందా?" అన్నాడు లిఫ్టు మాస్టారు. "డాక్టర్ని పిలుచుకురానా?"

చిన్ని రెండు చేతులతో చెవులు మూసుకుంది.

*

ఆ ఇంట్లో కూచోలేక ఆమె పదిన్నరకి పనిలోకి వెళ్ళిపోయింది. వెళ్తుంటే ఎవరూ ఆపలేదు. వదిన మాత్రం గుమ్మం దాకా వచ్చి ఏదో అడగబోయి, ఊరుకుంది.

చిన్ని పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. వెనకవైపు చీకటి గదిలో వచ్చినవాళ్ళ కళ్ళు పరీక్షించడం ఆమె పని. గదిలో ఒక ఎత్తు కుర్చీ, ఎదురుగోడ మీద వెలిగే అక్షరాల బోర్డు, బల్ల మీద అరల పెట్టెలో వరసగా గాజుబిళ్ళలు. పద్నాలుగేళ్ళుగా రోజుకి పాతిక ముప్ఫై మంది ముఖాలకి అంత దగ్గరగా నిలబడుతుంది. వాళ్ళెవరూ ఆమెని చూడరు. అక్షరాలని చూస్తారు.

"ఇవాళ మీ పెళ్ళి కదండీ!" అన్నాడు దుకాణం ఓనరు నోరు వెళ్ళబెట్టి.

"సంతకాలేగా. వాయిదా పడింది."

ఆయన ఇంకేదో అడిగేలోపే ఆమె లోపలికి వెళ్ళి దీపం ఆర్పేసింది.

మొదట వచ్చినావిడ ముసలావిడ. చిన్ని ఆవిడ ముక్కు మీద బరువైన ఇనప ఫ్రేము పెట్టి, ఒక బిళ్ళ తీసి మరొకటి వేస్తూ, "ఇది బాగుందా, ముందుది బాగుందా?" అని అడిగింది.

"రెండూ ఒకలాగే ఉన్నాయమ్మా. నీకేది చెబితే బాగుంటుందో చెప్పు, అదే అంటాను."

"నాకోసం కాదండీ. మీకు కనిపించేది చెప్పండి."

"ఇంట్లో నన్నిలా అడిగేవాళ్ళు లేరులే, అలవాటు తప్పిపోయింది," అని ముసలావిడ నవ్వింది. చిన్ని తొందరపడలేదు. ఆవిడకి నాలుగైదు బిళ్ళలు ఎక్కువే మార్చి చూపించింది.

నెల క్రితం ఈ గదిలోనే ఆమెకి ఆ పోయిన జన్మలో మిగతాది గుర్తుకొచ్చింది. అప్పటిదాకా ఇద్దరూ చెప్పుకున్నది ఒకటే కథ. ఆ జన్మలో ఆయనకి పెద్ద జ్వరం. బయట కుండపోత వాన. ఆమె డాక్టర్ కోసం పరిగెత్తింది. తిరిగి వచ్చిందో లేదో ఆమెకి గుర్తులేదు. 'తర్వాత ఏమైంది?' అని అడిగితే ఆయనే చెప్పాడు, "ఎదురుచూస్తూ ఆ రాత్రే పోయాను," అని. "నువ్వు ఆ వానలో నాకోసం ఎంత తిరిగావో," అని కూడా అన్నాడు. ఆ మాట ఎన్నోసార్లు అన్నాడు. చెప్పినప్పుడల్లా ఆయన ముఖం మెత్తబడేది. తనని చూసి ఒక మనిషి ముఖం అలా మెత్తబడటం చిన్నికి అంతకుముందు తెలియదు.

నెల క్రితం, ఎవరికో కళ్ళు పరీక్షిస్తూ దీపం ఆర్పినప్పుడు, ఆ చీకట్లో మొత్తం కనిపించింది. ఆ రోజునుంచీ చెప్పాలనుకుంటూనే ఉంది. నిన్న సాయంత్రం బాల్కనీలో కూడా నోటిదాకా వచ్చింది. కానీ ఆయన రిజిస్ట్రారు ఆఫీసుకి ఏ చొక్కా వేసుకోవాలో అడుగుతున్నాడు. నీలంది అంది. ఊరుకుంది.

మధ్యాహ్నం ఓనరు తొంగిచూసి, "ఇంకొకాయన ఉన్నారు, కూచోబెట్టనా?" అన్నాడు.

వచ్చి ఎత్తు కుర్చీలో కూచున్నది లిఫ్టు మాస్టారు. నీలం చొక్కాలోనే ఉన్నాడు.

"తలనొప్పి తగ్గిందా?"

"నాకు తలనొప్పి లేదు."

"తెలుసు. గోడకి ఇటువైపే ఉన్నానుగా."

ఓనరు తలుపు దగ్గరే తచ్చాడుతున్నాడు. చిన్ని ఇనప ఫ్రేము తీసి ఆయన ముఖానికి పెట్టింది. ఒక కంటికి నల్లబిళ్ళ వేసింది. చేతులు పనిలో ఉంటే నోరు కదులుతుందేమో అనుకుంది.

"పై వరస చదవండి."

ఆయన చదివాడు.

"కింది వరస."

అదీ చదివాడు. ఓనరు వెళ్ళిపోయాడు.

"మాస్టారూ, ఆ రోజు నేను డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదు."

ఆయన కుర్చీలో కదల్లేదు. "వాన మరీ ఎక్కువైందేమో," అన్నాడు.

"వాన వల్ల కాదు. నేను పడవెక్కాను."

"డాక్టరు అవతలి ఒడ్డున ఉండేవాడేమో."

"రేవుకి ఎడమవైపు సందులో ఉండేవాడు. ఆయన కిటికీలో దీపం కూడా కనిపించింది. నేను కుడివైపు తిరిగాను. పడవవాడు తాడు విప్పుతూ, ఇంకా ఎవరైనా ఉన్నారా అని కేకేశాడు. నేనున్నాను అన్నాను."

ఈసారి ఆయన ఏ సాకూ అందివ్వలేదు.

"పదకొండేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాను," అంది చిన్ని. ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "మీరు నన్ను కొట్టలేదు. తిట్టలేదు. మాట్లాడలేదు, అంతే. పెట్టింది తినేవారు, కిటికీలోంచి నీళ్ళకేసి చూసేవారు. ఒక నెలంతా లెక్కపెట్టాను. నాతో పంతొమ్మిది మాటలన్నారు. అందులో ఏడు 'ఊఁ'లే. ఆ సాయంత్రం మీరు 'డాక్టర్ని పిలువు' అన్నప్పుడు, ఎన్నాళ్ళకో నన్నొక పని అడిగారని సంతోషం వేసింది. గడప దాటేసరికి ఆ సంతోషానికి నామీద నాకే ఏడుపొచ్చింది. జ్వరం వస్తే తప్ప నేను ఈయనకి కనబడనా అనిపించింది."

ఆయన కంటికి నల్లబిళ్ళ అలాగే ఉంది. రెండో కన్ను బోర్డునే చూస్తోంది.

"మీరు ఇష్టపడింది మీకోసం వానలో పరిగెత్తిన మనిషిని. ఆ మనిషి లేనే లేదు. ఆవిడ పేరు మీద నేను సంతకం పెట్టలేను. అందుకే రానన్నాను."

ఆమె ఆగింది. ఏదో ఒకటి అంటాడని ఎదురుచూసింది. తిట్టినా బాగుండేది.

లిఫ్టు మాస్టారు నెమ్మదిగా ఫ్రేము తీసి బల్ల మీద పెట్టాడు. లేచాడు. ఏదో అనడానికన్నట్టు నోరు తెరిచి, మూసుకుని, తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ వీపుని చిన్ని ఎరుగును. ఆ ఊరుకోవడాన్నీ ఎరుగును. ఏడాదిన్నరగా తనతో నవ్వుతూ మాట్లాడిన మనిషి అక్కడే కూచుని, నీలం కిటికీ ఇంట్లోని మనిషిగా లేచి వెళ్ళిపోయాడు.

"పవర్ ఎంతొచ్చింది?" అని అడిగాడు ఓనరు తలుపులోంచి.

"ఏమీ లేదు. ఆయన చూపు బాగానే ఉంది."

*

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి మెట్ల మీద ఒకటే చప్పుడు, సుత్తితో ఇనుముని కొడుతున్నట్టు. అన్నయ్య ఆమెని చూసి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ పొద్దుటి చీర మార్చుకోలేదు.

వదిన రెండు కప్పుల్లో టీ తీసుకుని బాల్కనీలోకి వచ్చింది. పక్క బాల్కనీ ఖాళీగా ఉంది. రోజూ ఈ వేళకి ఆయన అక్కడ రేడియో సన్నగా పెట్టుకుని కూచుంటాడు.

"మధ్యాహ్నం నుంచీ లిఫ్టు గుంటలో దూరాడు. పైకి రాలేదు," అంది వదిన. "చెప్పావా?"

"ఏమిటి?"

"ఏదైతే చెప్పలేక చస్తున్నావో, అది."

చిన్ని తల ఊపింది.

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

వదిన తన కప్పు పిట్టగోడ మీద పెట్టింది. "నేనూ మీ అన్నయ్యా రోజూ కుక్కా పిల్లీలా పోట్లాడుకుంటామా, అందరూ నవ్వుతారా. ఆ మధ్య నాలుగు రోజులు పోట్లాడలేదు. నాకు నిద్ర పట్టలేదనుకో." నవ్వబోయి మానేసింది. "ఈ జన్మల సంగతి నాకు అర్థం కాదమ్మా. కానీ నువ్వు గోడవైపు తిరిగి పడుకోవడం మానేసి ఏడాదిన్నరైంది. అది మాత్రం చూశాను."

చిన్నికి కన్నీళ్ళు ఆగలేదు. వదిన చూడనట్టు కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కాసేపటికి సుత్తి చప్పుడు ఆగింది. లిఫ్టు పైకి వస్తున్న హోరు వినిపించింది. తలుపులు తెరుచుకున్నాయి. వెంటనే గంట మోగింది.

అన్నయ్య తలుపు తీశాడు. లిఫ్టు మాస్టారు మోచేతుల దాకా నల్లటి గ్రీజుతో, నీలం చొక్కా పాడుచేసుకుని నిలబడున్నాడు. అన్నయ్య భుజం మీదుగా, వెనకాల వచ్చిన చిన్నివైపు చూశాడు.

"నేను చచ్చిపోలేదు," అన్నాడు.

"ఏమిటండీ?" అన్నాడు అన్నయ్య కంగారుగా. "ఏమైంది? కరెంటు గానీ కొట్టిందా?"

"అప్పుడు. ఆ జన్మలో. జ్వరంలో పోయానని చెప్పాను కదా. పోలేదు. మూడో రోజుకి తగ్గిపోయింది."

అమ్మ కుర్చీలోంచి లేచింది. చిన్ని గోడ పట్టుకుంది.

"నువ్వు పడవెక్కావని నాకు అప్పుడే తెలుసు," అన్నాడాయన. మాటలు ఆయనకి కష్టంగా వస్తున్నాయి, ఒక్కొక్కటీ మోసుకొచ్చి దించుతున్నట్టు. "పడవవాడే వచ్చి చెప్పాడు. ఏ ఊళ్ళో దింపాడో కూడా చెప్పాడు. వెళ్ళి తెచ్చుకోవయ్యా అన్నాడు. వెళ్ళిన కాళ్ళే రావాలి అన్నాను. పంతం. రోజూ రేవు దాకా వెళ్ళేవాణ్ణి. పడవ ఎక్కలేదు."

"ఎన్నాళ్ళు?" అంది చిన్ని.

"ఇరవై రెండేళ్ళు."

"ఇరవై రెండేళ్ళు బతికారు."

"బతికాను. ఆ ఇంట్లోనే. ఒక్కణ్ణే."

"మరి నాతో... పోయానని ఎందుకన్నారు?"

"మొదట్లోనే నువ్వు అడిగావు, తర్వాత ఏమైందని. నీ కళ్ళల్లో నీళ్ళు. నీకు వాన దాకానే గుర్తుందని అర్థమైంది. బతికానంటే, మరి నాకోసం రాలేదేం అని అడుగుతావు. దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకని పోయానన్నాను. నువ్వు నాకోసం వెళ్ళావు, నేను నీకోసం చూస్తూ పోయాను, అలా అయితే ఇద్దరం మంచివాళ్ళమే కదా అనుకున్నాను."

"మధ్యాహ్నం దుకాణంలో ఎందుకు చెప్పలేదు?"

ఆయన తల వంచుకున్నాడు. "నోరు రాలేదు. బయటికొచ్చి రోడ్డు మీద నిలబడ్డాక తెలిసింది, మళ్ళీ అదే చేశానని."

చిన్ని ముఖంలోకి రక్తం పొంగుతూ వచ్చింది. ఆమెకి కోపం రావడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. అన్నయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నెల రోజులు," అంది. "నెల రోజులుగా నేను ఒక మనిషి ప్రాణం తీశాననుకుంటున్నాను మాస్టారూ. అన్నం ముందు కూచుంటే మీ జ్వరం గుర్తుకొచ్చేది. మీరు గోడ అవతల పాట వింటుంటే, ఇవతల నేను మిమ్మల్ని చంపినదాన్నై పడుకునేదాన్ని. ఆ డాక్టరు కిటికీలో దీపం నా కళ్ళు వదల్లేదు. ఒక్క మాట! ఒక్క మాట మీరు నిజం చెప్పుంటే!"

"అవును."

"అవునంటే సరిపోతుందా?"

"సరిపోదు."

"చిన్నీ, ఆయన్ని లోపలికి రానీ ముందు," అంది వదిన. "గుమ్మంలో నిలబెట్టి..."

"వద్దు వదినా."

చిన్ని చెప్పులు తొడుక్కుంది. అన్నయ్య అడ్డు రాబోతే అమ్మ అతని చెయ్యి పట్టుకుంది. చిన్ని ఆయన పక్కనుంచి బయటికి నడిచి, తన వెనక తలుపు దగ్గరగా వేసింది.

వరండా ఖాళీగా ఉంది. మెట్ల కిటికీలోంచి పడుతున్న ఎండ ఎర్రబడి, సన్నబడిపోయింది. ఇద్దరి మధ్యా రెండడుగుల దూరం. ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పాత గుడ్డతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. చిన్ని ఏడాదిన్నరగా ప్రేమించింది తనకోసం చూస్తూ ప్రాణం వదిలిన మనిషిని. ఆ మనిషీ లేడు. ఇక్కడ మిగిలింది గ్రీజు పూసుకున్న ఒక పంతగాడు, ఒడ్డు మీద ఒకణ్ణి వదిలి పారిపోయిన ఒక ఆడది. వీళ్ళిద్దరికీ ఇంతకుముందు పరిచయం లేదు.

"చెప్పండి," అంది చిన్ని.

"ఏం చెప్పను?"

"ఆ ఇరవై రెండేళ్ళూ. పడవవాడు వచ్చిన రోజునుంచి. ఏం తిన్నారు, ఎవరితో మాట్లాడారు, ఆ కిటికీ రెక్క బాగుచేశారా లేదా, అన్నీ చెప్పండి. 'ఊఁ' అంటే ఊరుకోను."

"చాలాసేపు పడుతుంది."

"పట్టనివ్వండి." ఆమె మెట్టు మీద ఒక పక్కకి జరిగి కూచుంది. "అంతా విన్నాక కూడా నేను రాననొచ్చు."

"తెలుసు," అన్నాడాయన.

కాసేపు నిలబడి, ఆమె కూచున్న మెట్టుకి ఒక మెట్టు కింద కూచున్నాడు. గొంతు సవరించుకున్నాడు. మొదలుపెట్టడం చేతకాక మళ్ళీ సవరించుకున్నాడు.

చిన్ని సాయం చేయలేదు. ఎదురుచూసింది.